నాలుగో క్వార్టర్ కోసం 12 వారాలు: ఒక కండిషనింగ్ సెంటర్‌పై నా రివ్యూ

పోయిన సీజన్ చివరి బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో 40 సెకన్లు మిగిలి ఉండగా నాకు రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎదుటివాళ్లు ఫౌల్ చేస్తే ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్లు, వచ్చాయి. అప్పటికి మేము ఒక పాయింట్ వెనకబడి ఉన్నాం. మొదటిది రింగు ముందు అంచుకు తగిలి కింద పడింది. రెండోదీ సరిగ్గా అక్కడే తగిలింది. గురి తప్పలేదు, చెయ్యి వణకలేదు. కాళ్లలో సత్తువ లేదు, అంతే. చూసేవాళ్లకు ఫ్రీ త్రో చేతులతో వేసినట్టే ఉంటుంది కానీ బంతిని రింగు దాకా పంపేది మోకాళ్లు. ఆ రాత్రి బస్సులో ఎడమ మోకాలి మీద ఐస్ పెట్టుకుని కూర్చున్నప్పుడు గట్టిగా అనుకున్నాను, ఈసారి ఆఫ్-సీజన్‌లో నాకు తోచినట్టు పరిగెత్తడం ఆపేసి, తెలిసినవాళ్ల దగ్గర పద్ధతిగా తయారవ్వాలని.

నాకు 32 ఏళ్లు. పాయింట్ గార్డ్‌ని, అంటే బంతి తీసుకొచ్చి టీమ్ ఆటను నడిపించేవాడిని. ప్రొఫెషనల్‌గా తొమ్మిది సీజన్లు ఆడాను. బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు మాత్రమే ట్రైనింగ్ ఇచ్చే ఒక సెంటర్‌లో 12 వారాల కండిషనింగ్ ప్యాకేజీ, అంటే ఒంటిని ఆటకు తగ్గట్టు సిద్ధం చేసే ట్రైనింగ్, తీసుకున్నాను. నాకు నచ్చనివి కూడా రాస్తున్నాను కాబట్టి సెంటర్ పేరు చెప్పడం లేదు. ఇలాంటి చోట చేరాలనుకునే ఆటగాళ్లకు ఏం చూడాలో, ఏం అడగాలో తెలియాలని ఈ రివ్యూ. కొత్త సీజన్‌లో 19 మ్యాచ్‌లు ఆడాకే రాస్తున్నాను. ట్రైనింగ్ అయిపోయిన రోజు ఎవరికైనా ఒళ్లు తేలిగ్గానే ఉంటుంది, అసలు సంగతి మ్యాచ్‌ల్లో తెలుస్తుంది.

మొదటి రోజు బంతి ముట్టుకోనివ్వలేదు. మూడు గంటలు పరీక్షలే. వాటిలో చాలా చిన్నదిగా కనిపించిన పరీక్షే నా కళ్లు తెరిపించింది. గోడకు ఎదురుగా నిలబడి, మడమ నేల మీద నుంచి లేవకుండా మోకాలిని గోడకు తగిలించాలి. పాదాన్ని గోడకు ఎంత దూరం జరిపినా మోకాలు ఇంకా తగులుతుందో కొలుస్తారు. కుడి కాలికి 11 సెంటీమీటర్లు వచ్చింది. ఎడమ కాలికి 7. రెండేళ్ల కింద ఎడమ చీలమండ మడతపడింది. వాపు తగ్గగానే ఆటలోకి దిగాను, అక్కడితో అది నయమైపోయిందనుకున్నాను. అప్పటి నుంచి ఆ కీలు పూర్తిగా వంగడమే లేదు. గెంతి కిందికి దిగినప్పుడు చీలమండ, మోకాలు, తుంటి మూడూ కలిసి బరువును పంచుకోవాలి. చీలమండ తన వాటా తీసుకోకపోతే అది మోకాలి మీద పడుతుంది. రెండేళ్లుగా నేను మోకాలికి ఐస్ పెడుతున్నాను, పట్టీలు కడుతున్నాను. బిగుసుకుపోయింది కింద కీలు.

ఫిజియో అప్పుడు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే స్టార్ గార్డ్ స్టెఫెన్ కర్రీ సంగతి చెప్పారు. కుడి చీలమండకు వరుసగా 2011లో, 2012లో ఆపరేషన్లు జరిగాయి. కెరీర్ తొందరగా ముగిసిపోతుందేమో అని చాలామంది అనుకున్న రోజులవి. ఆ తర్వాత అతని టీమ్ ట్రైనర్లు చీలమండతో ఆగిపోకుండా తుంటిని, తొడ వెనక కండరాలను బలపరిచారు. దిశ మార్చే ప్రతిసారీ పడే భారం కింద కీలు మీద కాకుండా పై పెద్ద కండరాల మీద పడేలా అతని కదలికనే మార్చారు. ఆ కథ నాకు ముందే కొంత తెలుసు. నా కాలికి కూడా వర్తిస్తుందని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

ఫోర్స్ ప్లేట్ అనే పలక మీద నిలబెట్టి గెంతించారు కూడా. ఎంత ఎత్తు ఎగిరానన్న దానికంటే దిగేటప్పుడు ఏ కాలి మీద ఎంత బరువు పడుతోందన్నది వాళ్లు ఎక్కువ చూశారు. నేను తెలియకుండానే ఎడమ కాలిని తప్పించి కుడి కాలి మీద దిగుతున్నాను. దాని తర్వాత యో-యో టెస్ట్. 20 మీటర్లు పోయి రావడం, 10 సెకన్ల విరామం, మళ్లీ పోయి రావడం, బీప్ శబ్దం వేగం పెరుగుతూ పోతుంది. నాతో పాటు చేరిన ఆరుగురిలో నేను అయిదో స్థానంలో ఆగిపోయాను. ప్రతి ఆఫ్-సీజన్‌లో వారానికి నాలుగు రోజులు, రోజుకు 8 కిలోమీటర్లు పరిగెత్తే మనిషిని. చాలా బాధ కలిగింది.

ఆ సాయంత్రం స్ట్రెంగ్త్ కోచ్ నన్ను కూర్చోబెట్టి చెప్పింది యథాతథంగా రాస్తాను. "మీరు కష్టపడట్లేదని కాదు సార్. మీ ఆట అడిగే కష్టం వేరు, మీరు పడుతున్న కష్టం వేరు." కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. నేరుగా పరిగెత్తడానికి అందులో చోటే లేదు. 1995లో ఆస్ట్రేలియా లీగ్ ఆటగాళ్ల మీద వచ్చిన ఒక పరిశోధనలో, ఒక్కో ఆటగాడు మ్యాచ్‌లో దాదాపు వెయ్యి సార్లు కదలిక తీరు మారుస్తున్నాడని తేలింది. అంటే సగటున రెండు సెకన్లకు ఒకసారి. నడక, పరుగు, పక్కకు జారడం, ఆగడం, గెంతడం, మళ్లీ వెనక్కి. ఆట నడుస్తున్నంత సేపు గుండె దాని గరిష్ఠ వేగానికి దగ్గర్లోనే కొట్టుకుంటుంది. ఒకే వేగంతో గంట సేపు రోడ్డు మీద పరిగెత్తడంలో ఇవేవీ లేవు. ముఖ్యంగా ఆగడం లేదు.

అలాగని నా పరుగంతా వృథా అనలేదు ఆయన. ఒక్క ఊపులో దూసుకెళ్లడానికి కండరంలో అప్పటికే నిల్వ ఉన్న శక్తి పనికొస్తుంది, అది కొన్ని సెకన్లలోనే అయిపోతుంది. ఆ నిల్వ మళ్లీ నిండడానికి ఆక్సిజన్ కావాలి. ఊపిరి, గుండె బలంగా ఉన్నవాడికి అది తొందరగా నిండుతుంది. ఫౌల్ పడిందనో, బంతి బయటికి పోయిందనో ఆట ఆగే ఆ కాసేపట్లో ఎవరు ఎక్కువ కోలుకుంటారో వాళ్లే తర్వాత బంతి చేతికొచ్చినప్పుడు ముందుంటారు. కాబట్టి మొదటి నాలుగు వారాలు ఆ పునాదికే కేటాయించారు, సైకిల్ మీద, మోకాలికి దెబ్బ తగలకుండా. రోడ్డు పరుగు పూర్తిగా మాన్పించారు. ఇంత వివరంగా కారణం చెప్పి చేయించిన కోచ్ నాకు తొమ్మిది సీజన్లలో ఎదురుకాలేదు. ఎందుకు చేస్తున్నానో తెలిస్తే చేసే పని మీద నమ్మకం కలుగుతుంది. ఈ సెంటర్‌కు నేనిచ్చే మొదటి మార్కు దానికే.

అయిదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా నేర్పింది బ్రేకులు వేయడం. నా దృష్టిలో ప్యాకేజీ మొత్తానికి ప్రాణం ఈ నాలుగు వారాలే. 30 సెంటీమీటర్ల పెట్టె మీద నుంచి దిగి, దిగిన చోటే కదలకుండా నిలబడాలి. మోకాలు లోపలికి వాలకూడదు, పాదం చప్పుడు చేయకూడదు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. మొదటి వారం నా ఎడమ కాలు దిగిన ప్రతిసారీ నేల మోగింది. మా గ్రూపులో 22 ఏళ్ల కుర్రాడు ఒకడు, పొడవైనవాడు, అప్పుడే ప్రొఫెషనల్‌గా ఒప్పందం చేసుకుని వచ్చినవాడు, పక్కన నిలబడి "అన్నా, లోపలికి పోతోంది మోకాలు, చూసుకో" అని చెబుతూనే ఉండేవాడు. వాడి వంతు వచ్చినప్పుడు నేను చెప్పేవాడిని. అలా ఒకరికొకరం అద్దంలా పనికొచ్చాం.

తర్వాత ఒంటికాలి మీద దిగడం. తర్వాత పరిగెత్తుకొచ్చి రెండు అడుగుల్లో ఆగడం. ఆ తర్వాత ఎదుటివాడి కదలికను బట్టి ఆగి, అటో ఇటో తిరగడం. దీనికి తోడు బరువులు. తొడ వెనక కండరాలకు నార్డిక్ కర్ల్స్ చేయించారు. మోకాళ్ల మీద నిలబడి, వెనక ఎవరైనా మడమలు పట్టుకుంటే, శరీరాన్ని నిటారుగా ఉంచి మెల్లగా ముందుకు వాలాలి. మొదటి రోజు నాలుగు చేశాను, తర్వాత రెండు రోజులు మెట్లు దిగలేకపోయాను. మోకాలి చిప్ప కింద ఉండే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) నొప్పికి కదలకుండా బరువు పట్టి ఉంచే వ్యాయామం ఇచ్చారు, 45 సెకన్లు చొప్పున అయిదు సార్లు. దానికి తర్వాత మెల్లగా, బరువుగా ఎత్తే స్క్వాట్లు కలిపారు. టెండన్ విశ్రాంతితో గట్టిపడదు, సరైన మోతాదులో భారం మోయడం వల్ల గట్టిపడుతుంది అని ఫిజియో చెప్పారు. ఈ మాట నాలుగేళ్ల ముందు విని ఉంటే ఎన్ని ఉదయాలు నొప్పి లేకుండా లేచేవాడినో.

పెద్ద గాయాల్లో చాలా వాటికి ఎవరూ ఢీకొట్టరు. 2012 ఏప్రిల్‌లో ఎన్‌బీఏ గార్డ్ డెరిక్ రోజ్ ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం ఆడే దశ) మొదటి మ్యాచ్‌లో బాస్కెట్ వైపు దూసుకెళ్తూ ఆగి గెంతబోయాడు, అక్కడే ఎడమ మోకాలిని లోపల పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. అంతకు ముందు ఏడాదే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైనవాడు. 2013 ఏప్రిల్‌లో అదే లీగ్ స్టార్, 34 ఏళ్ల కోబీ బ్రయంట్ బంతితో మామూలుగా దూసుకెళ్తూ అడుగు వేసి నెట్టబోతే మడమ వెనక అకిలెస్ టెండన్ తెగింది. అంతకు ముందు వరుసగా కొన్ని మ్యాచ్‌లు దాదాపు పూర్తి సమయం కోర్టు మీదే ఉన్నాడు. తెగిన కాలితోనే లైన్ దగ్గరికి నడిచి రెండు ఫ్రీ త్రోలు వేసి, రెండూ సాధించి బయటికి వెళ్లాడు. అది ఎప్పుడు గుర్తొచ్చినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఏ ట్రైనింగ్ అయినా ఇలాంటివి జరగకుండా గ్యారెంటీ ఇవ్వలేదు, ఈ సెంటర్ వాళ్లు కూడా ఇవ్వలేదు. ముప్పు తగ్గించగలం అన్నారు, అంతవరకే అన్నారు. నేను వాళ్లను నమ్మడానికి అదొక కారణం.

చివరి నాలుగు వారాలు కోర్టు మీద, బంతితో. పదిహేడ్లు అని మేము పిలుచుకునే పరుగు ఉంది. ఒక సైడ్‌లైన్ నుంచి ఇంకో సైడ్‌లైన్‌కు 17 సార్లు, అంటే మొత్తం 255 మీటర్లు, మధ్యలో 16 మలుపులు. ఇది ప్రతి టీమ్‌లోనూ ఉంటుంది, చాలాచోట్ల శిక్షగా పెడతారు. ఇక్కడ దాన్ని వాడిన తీరు నాకు నచ్చింది. పరుగు 65 సెకన్ల లోపు ముగించి, ఊపిరి అందకముందే రెండు ఫ్రీ త్రోలు వేయాలి. ఒక నిమిషం విరామం, మళ్లీ మొదలు. పది సార్లు. అంటే పూర్తిగా అలిసిన కాళ్లతో 20 ఫ్రీ త్రోలు. తొమ్మిదో వారంలో నావి 11 పడ్డాయి, తప్పిపోయినవన్నీ ముందు అంచుకే తగిలాయి. పన్నెండో వారంలో 16 పడ్డాయి. చేతి శైలిలో ఎవరూ ఏమీ మార్చలేదు.

ప్రతి సోమవారం గెంతు కొలిచి, పోయిన వారం కంటే బాగా తగ్గితే ఆ రోజు బరువులు తగ్గించేవారు. ప్రతి సెషన్ తర్వాత ఎంత కష్టంగా అనిపించిందో సున్నా నుంచి పది వరకు చెప్పమనేవారు. దాన్ని నిమిషాలతో గుణిస్తే ఆ రోజు భారం. 90 నిమిషాలు, కష్టం ఏడు అయితే 630. ఇంత సులువైన లెక్కతో వారం మొత్తం మీద ఎంత మోశామో కనిపిస్తుంది. ఈ అలవాటు నేను ఇప్పటికీ నోట్‌బుక్‌లో కొనసాగిస్తున్నాను.

ఇక నచ్చనివి.

ఆరుగురి గ్రూపు అని చెప్పి చేర్చుకున్నారు. ఆరో వారానికి తొమ్మిది మందిమయ్యాం. ఫోర్స్ ప్లేట్ ఒకటే. లైన్‌లో నిలబడేసరికి వేడెక్కిన ఒళ్లు చల్లబడిపోయేది. కోచ్‌లు ఇద్దరే, దిగేటప్పుడు మోకాలు ఎటు పోతోందో ప్రతి ఒక్కరిదీ చూడడం వాళ్ల వల్ల కాలేదు. బ్రేకులు నేర్పే వారాల్లో ఇది చిన్న లోపం కాదు. ఆ పని అంతా చూసే కళ్ల మీదే ఆధారపడి ఉంటుంది.

రెండోది ఇంకా గట్టిగా చెప్పాలి. ఇందాక చెప్పిన కుర్రాడు ఆటలో బాస్కెట్ దగ్గర నిలబడే 'సెంటర్' పొజిషన్ ఆటగాడు, మా అందరికంటే 20 కిలోలకు పైగా బరువు. వాడికీ నాకూ ఏడో వారంలో ఒకే సంఖ్యలో గెంతులు ఇచ్చారు. ఎగిరి దిగినప్పుడు నేల మీద పడే బలం శరీర బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. వాడికి పడే భారం, నాకు పడే భారం ఒకటి ఎలా అవుతాయి? పది రోజుల్లో మడమ నొప్పి మొదలైంది. జట్టులో చోటు పోతుందేమో అన్న భయంతో మూడు రోజులు దాచాడు. నాకు చెబితే నేనే ఫిజియో దగ్గరికి తీసుకెళ్లాను. ఆ తర్వాత ప్లాన్ మార్చారు, నొప్పి తగ్గింది, సీజన్ మొదటి మ్యాచ్‌కు సిద్ధమయ్యాడు. మార్చినందుకు సంతోషమే. మొదటి రోజు మూడు గంటలు కొలిచింది మనిషికి తగ్గ ప్లాన్ ఇవ్వడానికే కదా, గెంతుల సంఖ్య దగ్గర అది ఎందుకు మర్చిపోయారన్నది నా ప్రశ్న. అదే మాట వాళ్ల ఫీడ్‌బ్యాక్ ఫారంలోనూ రాశాను.

నిద్ర గురించి 40 నిమిషాల క్లాసు ఒకటి పెట్టి వదిలేశారు. అందులో చెప్పింది విలువైనదే. 2011లో వచ్చిన స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో 11 మంది కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు కొన్ని వారాల పాటు రోజూ పది గంటలు పడకలో ఉండేలా చూసుకున్నారు. వాళ్ల స్ప్రింట్ వేగం పెరిగింది, ఫ్రీ త్రోలు 9 శాతం మెరుగుపడ్డాయి. చిన్న పరిశోధనే, అయినా నాలాంటివాడికి అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకేముంటుంది? రాత్రి మ్యాచ్ పదిన్నరకు ముగిస్తే, ఒంట్లో వేడి తగ్గేసరికి ఒంటిగంట, పొద్దున ఆరుకు బస్సు. అలాంటి వారంలో నిద్ర ఎలా సర్దుకోవాలో ఎవరూ కూర్చుని చెప్పలేదు.

అసలు ఫిర్యాదు సీజన్ మొదలయ్యాక వచ్చింది. ప్యాకేజీలో సీజన్ మొత్తానికి వారం వారం ప్లాన్ పంపుతామని ఉంది. ఆఫ్-సీజన్‌లో కూడబెట్టుకున్న బలం, దాన్ని వాడుతూ ఉండకపోతే కొన్ని వారాల్లోనే కరుగుతుంది. అందుకే ఆ ప్లాన్ నాకు చాలా ముఖ్యం. మొదటి నెల బాగానే వచ్చింది. రెండో నెల నుంచి తేదీ మాత్రం మార్చిన ఒకే పీడీఎఫ్ వచ్చింది. అయిదు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఉన్న వారంలోనూ రెండు బరువుల సెషన్లు, 40 గెంతులు రాసి ఉన్నాయి. మ్యాచ్‌లోనే అన్ని గెంతులు పడతాయి. మెయిల్ రాస్తే ఎనిమిది రోజులకు జవాబు వచ్చింది, క్షమాపణ చెప్పారు, ప్లాన్ సరిచేశారు. ఆ ఎనిమిది రోజులు నా అనుభవంతో నేనే సర్దుకున్నాను. మ్యాచ్ మర్నాడు బరువులు తక్కువ సెట్లతో, గెంతులు పూర్తిగా మానేసి. మా కుర్రాడికి ఆ అనుభవం లేదు. వాడు పీడీఎఫ్‌లో ఉన్నదంతా చేసేవాడు, నేను ఫోన్ చేసి ఆపాను.

మరి ఫలితం? 19 మ్యాచ్‌లు ఆడాను, ఒక్కటీ తప్పలేదు. పోయిన సీజన్‌లో ఇదే సమయానికి నాలుగు తప్పాయి. ఉదయం లేవగానే మోకాలి నొప్పికి నేనిచ్చుకునే అంకె ఆరు నుంచి రెండుకు వచ్చింది. గోడ పరీక్షలో ఎడమ కాలు 10 సెంటీమీటర్లకు చేరింది. ఇందులో కొంత మా టీమ్ కోచ్ నా నిమిషాలు కొద్దిగా తగ్గించడం వల్ల కూడా కావచ్చు, అది కూడా చెప్పడం న్యాయం. మ్యాచ్ చివరి భాగమైన నాలుగో క్వార్టర్‌లో మాత్రం తేడా నాకు తెలుస్తోంది. ఎదుటి గార్డ్ స్క్రీన్ (నన్ను ఆపడానికి అడ్డుగా నిలబడే అతని తోటి ఆటగాడు) చుట్టూ తిరిగినప్పుడు పోయిన ఏడాది ఒక అడుగు వెనక ఉండేవాడిని, ఇప్పుడు భుజం మీద భుజం ఉంటోంది. అలసిపోతున్నాను, అలసిపోయాక కూడా నా ఆట నా చేతిలో ఉంటోంది.

నా పొజిషన్‌లో నేను ఎప్పుడూ తలచుకునే పేరు ఎన్‌బీఏ పాత తరం ఆటగాడు జాన్ స్టాక్‌టన్. 19 సీజన్లలో అతను తప్పిన మ్యాచ్‌లు 22, అందులో 18 ఒకే సీజన్‌లో మోకాలి ఆపరేషన్ వల్ల. ఏటా 82 మ్యాచ్‌లు ఆడే లీగ్‌లో అది. అసిస్ట్‌లు (బాస్కెట్‌కు దారితీసే పాస్‌లు), స్టీల్స్ (ఎదుటివాళ్ల నుంచి బంతి లాక్కోవడం) రికార్డుల గురించి మాట్లాడినప్పుడు ఆ 22ను ఎవరూ ముందు చెప్పరు. నాకు మాత్రం ఆ రికార్డులన్నీ దాని మీదే నిలబడినట్టు అనిపిస్తుంది. అదే లీగ్‌లో విన్స్ కార్టర్ 22 సీజన్లు ఆడి 43 ఏళ్ల వయసులో ఆపాడు, గాల్లో ఎగరడంతో పేరు తెచ్చుకున్నవాడు అన్నేళ్లు కాళ్లు కాపాడుకున్నాడు.

రేటింగ్ అడిగితే అయిదుకు నాలుగు. మొదటి రోజు పరీక్షలు, బ్రేకుల వారాలు, ఫ్రీ త్రోలతో కలిపిన పదిహేడ్లు, ఈ మూడింటికి అయిదుకు అయిదు ఇస్తాను. సీజన్ మధ్య సేవకు రెండు కూడా కష్టమే. పాత గాయం ఉన్న, 28 ఏళ్లు దాటిన గార్డులు, కోర్టు పక్కల ఆడే వింగ్ ఆటగాళ్లు కళ్లు మూసుకుని చేరవచ్చు. బరువైన, పొడవైన కుర్రాళ్లు చేరేముందు రెండు మాటలు అడగండి: నా బరువుకు వారానికి ఎన్ని గెంతులు లెక్కవేశారు, అది ఎవరు చూస్తారు. గ్రూపులో ఆరుగురికి మించి చేర్చుకోబోమని కాగితం మీద రాయించుకోండి.

వచ్చే ఆఫ్-సీజన్‌కు మళ్లీ పేరు ఇచ్చాను. ఈసారి మా మ్యాచ్‌ల షెడ్యూలు, ప్రయాణాల వేళలు చేతికి రాగానే వాళ్లకు పంపిస్తానని, ప్లాన్ దాన్ని చూసే రాయాలని ముందే చెప్పాను. హెడ్ కోచ్ సరేనన్నారు. కుర్రాడు కూడా వస్తున్నాడు, మేమిద్దరం ఒకే గ్రూపు అడిగాం.